కవచాలు వారికి, వాయిదాలు మనకా?

గొలుగొండ మండలంలో మన ఇళ్ళు ఎక్కువేమీ లేవు. ఏ ఇంట్లో కష్టం వచ్చినా శుక్రవారం నమాజు ముగిసేసరికి అందరికీ తెలిసిపోతుంది. తెలియకుండా మిగిలిపోయేది ఒక్కటే. ఆ కష్టానికి చట్టంలో ఏ మందు ఉన్నదో ఎవరికీ తెలియదు. దాన్ని తెలియజెప్పవలసినవారు న్యాయవాదులు. వారికే తెలియనప్పుడు, తెలిసినా చెప్పనప్పుడు మన గతి ఏమిటి? ఈ ప్రశ్నను ఇకనైనా బహిరంగంగా అడగాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

మా ఎరుకలోని ఒక ఆడబిడ్డ సంగతితో మొదలుపెడతాము. పేరూ ఊరూ చెప్పము. భర్త తలాఖ్ ఇచ్చి పుట్టింటికి పంపివేశాడు. ఇద్దరు పిల్లలు. 2024 నవంబరులో ఆమె తండ్రి కొంత సొమ్ము అప్పు తెచ్చి, కూతుర్ని వెంటబెట్టుకొని ఒక ప్లీడరు గారి గడప తొక్కాడు. ఆయన కాగితాలు తిరగేసి, "మీ మతంలో ఇద్దత్ గడువు వరకేనమ్మా మనోవర్తి. ఆ మూడు నెలలూ దాటిపోయాయి. పిల్లలకు ఏమైనా అడగవచ్చునేమో తరువాత చూద్దాం" అన్నారట. తండ్రి నమ్మాడు. నల్లకోటు తొడిగిన పెద్దమనిషి చెప్పిన మాట నమ్మక ఏం చేస్తాడు? పద్నాలుగు నెలల తరువాత ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చొని, "చాచా, నిజంగానే నాకు ఏమీ రాదా?" అని అడిగింది.

ఆమెకు ఆ మాట చెప్పిన నాటికి చట్టం ఏ స్థితిలో ఉన్నదో చూడండి. అంతకు నాలుగు నెలల ముందే, 2024 జూలై 10న, సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది ఎక్కడో ఉత్తరాది కేసు కాదు, మన పొరుగున ఉన్న తెలంగాణ నుంచి వెళ్ళిన కేసు. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇమ్మన్నది. హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం ఉండగా సాధారణ చట్టం కింద తనను అడగరాదని భర్త సుప్రీంకోర్టుకు ఎక్కాడు. న్యాయమూర్తులు జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ వాదనను తోసిపుచ్చారు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి రెండు దారులూ తెరిచే ఉన్నాయని, ఏ దారిన వెళ్ళాలన్నది ఆమె ఇష్టమేనని తేల్చి చెప్పారు.

పోనీ, ఆ తీర్పు కొత్తది, ప్లీడరు గారి దాకా రాలేదనుకుందాం. ఇద్దత్ గడువులోగా ఆమె భావి జీవితానికంతకూ సరిపడే ఏర్పాటు చేయవలసిన బాధ్యత భర్తదేనని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది కదా! అది చెప్పి పాతికేళ్ళు కావస్తున్నది. 'మూడు నెలల వరకే' అనే మాట పాతికేళ్ళ క్రితమే చెల్లని నాణెం. ఆ నాణేన్నే ఇంకా మన ఆడబిడ్డల చేతుల్లో పెడుతున్నారు.

ఈ తప్పు ఖరీదు ఎంతో కూడా లెక్క కట్టాలి. మనోవర్తిని దరఖాస్తు దాఖలైన తేదీ నుంచి లెక్కించాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒక్క నియమం పెట్టింది. దాఖలు కాని నెలకు లెక్క లేదు. అంటే ఒక్క తప్పుడు సలహాతో ఆ బిడ్డ పద్నాలుగు నెలల తిండి పోగొట్టుకున్నది. గెలిచినా ఆ నెలలు తిరిగి రావు. తీరా మరొకరి చేత దరఖాస్తు రాయిస్తే, అందులో రద్దయిపోయిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనే టైపు చేశారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ నడుస్తున్నది. కాగితం లోపాలతో వెనక్కి వచ్చింది. దిద్ది మళ్ళీ వేయడానికి మరి మూడు వారాలు పట్టింది.

ఇదంతా ఒక్క వ్యక్తి మీద కోపంతో చెబుతున్న మాట కాదు. న్యాయవాద వృత్తి మీద మాకు గౌరవం ఉంది. కానీ గడచిన రెండేళ్ళలో ఆ వృత్తికి సర్వోన్నత న్యాయస్థానం రెండు గట్టి కవచాలు తొడిగింది. అవి మన పేరు చెప్పి తొడిగినవే. అందుకే లెక్క అడిగే హక్కు మనకు ఉన్నదంటున్నాము.

మొదటి కవచం 2024 మే 14 నాటిది. న్యాయవాది సేవలో లోపం ఉన్నదని వినియోగదారుల ఫోరానికి వెళ్ళరాదని సుప్రీంకోర్టు ఆనాడు తీర్పు ఇచ్చింది. వెళ్ళవచ్చునని 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన మాటను కొట్టివేసింది. మిక్సీ చెడిపోతే ఫోరానికి వెళ్ళవచ్చు, జీవితం చెడగొట్టిన సలహాకు మాత్రం వెళ్ళలేము. ఇందుకు కోర్టు చూపిన కారణాన్ని మన జమాఅతులు కంఠస్థం చేసుకోవాలి. న్యాయవాది పని మీద కక్షిదారుకు ప్రత్యక్షమైన అదుపు ఉంటుందట. కక్షిదారు ఆదేశం మేరకే ఆయన నడుచుకోవాలట. కనుక అది మామూలు సేవ కాదు, వ్యక్తిగత సేవా ఒప్పందమట.

అయ్యా, ఎక్కడుంది ఆ అదుపు? మన కక్షిదారుకు తన కేసు నెంబరు తెలియదు. వాయిదా ఎప్పుడో గుమాస్తాను అడిగి తెలుసుకోవాలి. ఖాళీ వకాల్తా మీద వేలిముద్ర వేసి వస్తాడు. ఇచ్చిన ఫీజుకు రశీదు ఉండదు. కోర్టు కాగితంలో చెప్పిన అదుపును మన చేతికి అందించవలసిన బాధ్యత బారుది కాదా?

రెండో కవచం 2025 అక్టోబరు 31 నాటిది. కక్షిదారు తరఫున వాదిస్తున్న న్యాయవాదిని దర్యాప్తు అధికారులు ఇష్టం వచ్చినట్లు పిలిపించరాదని, చట్టంలోని మినహాయింపుల కిందికి వచ్చే సందర్భంలోనూ ఎస్పీ హోదాకు తగ్గని అధికారి అనుమతి ఉండి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచి తీర్పు. మేము మనస్ఫూర్తిగా స్వాగతించాము. నిందితుడి తరఫున నిలబడే న్యాయవాదిని బెదిరిస్తే చివరికి ఒంటరివాడయ్యేది మనవంటి బలహీనుడే. అయితే ఆ రక్షణ పునాది భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్. అందులో కాపాడేది కక్షిదారు చెప్పుకున్న రహస్యాన్ని. ఆయన సమ్మతి లేనిదే దాన్ని బయటపెట్టరాదు. అంటే కవచం న్యాయవాది ఒంటి మీద ఉన్నా, దాని వెనుక ఉన్న ప్రాణం కక్షిదారుదే. కవచం తొడుక్కున్నవారు, ఆ ప్రాణాన్ని కాపాడే కత్తికి పదును పెట్టుకోవద్దా? న్యాయవాది కత్తి చట్టజ్ఞానమే గదా.

పదును లేని కత్తితో మనం ఏమేమి పోగొట్టుకోనున్నామో మరో రెండు సంగతుల్లో చూపుతాము.

ఒకటి వక్ఫ్. 2025 ఏప్రిల్ 8న సవరణ చట్టం అమలులోకి వచ్చింది. జూన్ 6న 'ఉమీద్' పోర్టల్ తెరిచారు. నమోదైన ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలనూ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినప్పుడు మన వీధుల్లో మిఠాయిలు పంచుకున్నవారు ఉన్నారు, 'స్టే వచ్చేసింది, ఇక ఏమీ చేయనక్కరలేదు' అని. ఆ మాట ఎంత ప్రమాదకరమో! ఐదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నట్లు చూపాలనే షరతును కోర్టు నిలిపివేసింది. ఆస్తి ప్రభుత్వానిదో కాదో అధికారి తేల్చి రికార్డులు మార్చివేసే అధికారాన్ని నిలిపివేసింది. కానీ నమోదు నిబంధనను నిలపలేదు. పోర్టల్ గడువును నిలపలేదు. డిసెంబరు 1న గడువు పొడిగింపు అడిగితే ఒప్పుకోలేదు. కావలసినవారు ట్రిబ్యునల్‌కు వెళ్ళి కారణం చూపుకోమన్నది.

అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగిన మార్పు ఇంకొకటి ఉంది. పాత చట్టంలో 107వ సెక్షన్ ఉండేది. వక్ఫ్ స్థలాన్ని ఎవరు ఎన్నేళ్ళు ఆక్రమించినా, తిరిగి రాబట్టే దావాకు కాలపరిమితి అడ్డు వచ్చేది కాదు. ఆ సెక్షన్‌ను తీసివేశారు. కోర్టు దాన్నీ నిలపలేదు. ఇప్పుడు ఖబరస్తాన్ కంచె నాలుగు అడుగులు లోపలికి జరిపినవాడికి కాలం తోడుగా నిలుస్తుంది. మనం ఊరుకున్న ప్రతి ఏడూ వాడి ఖాతాలో జమ అవుతుంది. ఈ ఒక్క ముక్క ఎన్ని ఊళ్ళ ముతవల్లీలకు వారి న్యాయవాదులు చెప్పారు? మేము అడిగినచోట్ల ఒక్కరూ విన్నామనలేదు. రేపు తాత సమాధి మీద పొరుగువాడి ప్రహరీ లేచినప్పుడు ఏ తీర్పును చదివి ఓదార్చుకుంటాము?

రెండోది అరెస్టు. మా ప్రాంతం పరిస్థితి దాచనవసరం లేదు. కొండల మీద నుంచి గంజాయి దిగే దారులు ఇటువైపే ఉన్నాయి. పెద్ద చేపలు ఎక్కడో ఉంటాయి. చెక్‌పోస్టు దగ్గర దొరికేది కిరాయికి బండి నడిపిన కుర్రవాడు, సరుకేమిటో తెలియని క్లీనరు. నేరం చేసినవాడికి శిక్ష పడవలసిందే, అందులో మాకు రెండో మాట లేదు. మత్తు మన పిల్లలనూ తినేస్తున్నది. కానీ విచారణ సక్రమంగా జరగాలి. ప్రతి అరెస్టుకూ కారణాలు రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, వెంటనే వీలుకాకపోతే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా చేతికి అందించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న చెప్పింది. అలా ఇవ్వకపోతే ఆ అరెస్టు, రిమాండు చెల్లవన్నది. రిమాండు రోజున న్యాయవాది లేచి, "కారణాల పత్రం ఏదీ? ఏ భాషలో ఇచ్చారు? ఎన్ని గంటలకు ఇచ్చారు?" అని మూడు ప్రశ్నలు అడగాలి. ఆ మూడు ప్రశ్నలకు డబ్బు ఖర్చు లేదు. చదువు ఖర్చు మాత్రమే ఉంది.

మా మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1924 మే 7న ఆయనను పట్టుకొని, ఏ న్యాయస్థానం ముందూ నిలబెట్టకుండానే కాల్చివేశారు. అరెస్టుకూ శిక్షకూ నడుమ న్యాయవిచారణ అనేది లేకపోతే ఏమవుతుందో ఆ సమాధిని చూస్తూ పెరిగిన మాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. స్వతంత్ర భారత రాజ్యాంగం 22వ అధికరణంలో ఆ నడిమి స్థలాన్ని మనకు రాసి ఇచ్చింది. అందులో మన తరఫున నిలబడే మనిషే న్యాయవాది. ఆయన ఖాళీ చేతులతో వస్తే ఆ స్థలం ఖాళీగానే మిగులుతుంది.

న్యాయవాదుల కష్టాలు మాకు తెలియవని కాదు. చిన్న పట్టణాల కోర్టుల్లో పని చేసే కుర్ర ప్లీడర్లకు నెలంతా తిరిగినా బస్సు ఛార్జీలు రావు. జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల భృతి ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సిఫారసు చేసింది గానీ, సిఫారసు అన్నం పెట్టదు. ఒక్కసారిగా మూడు క్రిమినల్ చట్టాలు మార్చి, సెక్షన్ల నెంబర్లన్నీ తారుమారు చేసిన ప్రభుత్వం, మండల స్థాయి న్యాయవాదికి ఏ మేరకు శిక్షణ ఇచ్చింది? ఆ ప్రశ్న మేమూ అడుగుతున్నాము. అయితే ఆకలితో ఉన్న వైద్యుడు కూడా గడువు దాటిన మందు ఇవ్వకూడదు. తెలియకపోతే 'తెలియదు, రెండు రోజులు ఆగండి, చూసి చెబుతాను' అనడం అవమానం కాదు. అది వృత్తి ధర్మం.

వినియోగదారుల ఫోరం తలుపు మూసుకున్నాక మనకు మిగిలిన తలుపుల్లో ముఖ్యమైనది ఒకటి ఉంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. అది ఏడాదిలో తేలకపోతే భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ కావాలని చట్టమే అంటున్నది. అలాంటి తలుపుకు గడియ పెట్టకూడదు. కనుక ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ ముందు మేము మూడు కోరికలు పెడుతున్నాము.

మొదటిది. ఒకసారి సనదు పుచ్చుకున్న న్యాయవాది తరువాత కొత్త చట్టం చదివారో లేదో అడిగే నిర్బంధ ఏర్పాటు నేడు లేదు. ఏడాదికి కనీసం రెండు రోజుల చదువును తప్పనిసరి చేయండి. అది అమరావతిలో కాదు, నర్సీపట్నం వంటి ప్రతి కోర్టు ఊరిలోనూ, తెలుగులో జరగాలి. వ్యక్తిగత చట్టాలు, వక్ఫ్, అరెస్టు నియమాలు అందులో పాఠాలుగా ఉండాలి.

రెండోది. కేసు తీసుకున్న వారంలోగా కక్షిదారుకు ఒక తెలుగు చీటీ ఇవ్వాలని నియమం పెట్టండి. ఏ సెక్షన్ కింద, ఏ కోర్టులో, ఏ నెంబరుతో, ఏ తేదీకి, ఎంత ఫీజుకు అన్న ఐదు వరుసలు చాలు. సర్కారు కొలువులో గుమాస్తాలుగా బతుకంతా గడిపిన మాకు తెలుసు, ఐదు వరుసలు రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

మూడోది. ఫిర్యాదు ఫారం తెలుగులో ఉంచండి. జిల్లాలోనే ఇచ్చి రశీదు పుచ్చుకునే వీలు కల్పించండి. వచ్చినవెన్ని, తేలినవెన్ని అన్న లెక్కను ఏటేటా ప్రకటించండి.

ఇక మన వంతు. ఎదుటివారిని నిలదీసిన నోటితో మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం దేని గురించో మన పిల్లలను అడగండి. అది అప్పు పత్రం రాసుకోవడం గురించి, సాక్షుల గురించి, రాసేవాడు న్యాయంగా రాయడం గురించి. కాగితానికి అంత విలువ ఇచ్చిన సమాజంలో నికాహ్‌నామా ఏ పెట్టె అడుగున ఉందో తెలియదు. మసీదు స్థలం పాత రికార్డు నకలు ఎవరి దగ్గర ఉందో తెలియదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

ప్రతి జమాఅత్‌లోనూ ఒక ఫైలు కట్టాలి. మసీదు, ఖబరస్తాన్, ఈద్గాల సర్వే నెంబర్లు, పాత అడంగల్ నకళ్ళు, గెజిట్ ప్రతి, పోర్టల్‌లో ఎక్కించిన రశీదు, నాలుగు హద్దుల ఫొటోలు అందులో ఉండాలి. ఏటా ఒక శుక్రవారం ఆ ఫైలు విప్పి అందరి ముందూ చదవాలి. కోర్టుకు వెళ్ళే ఆడబిడ్డ వెంట చదువుకున్న మనిషి ఒకరు వెళ్ళాలి. ఆమె మనోవర్తి అడిగితే మతానికి ఎదురు తిరిగినట్లు చూసే పెద్దలు తమ చూపు మార్చుకోవాలి. భార్య కోరే ఖులాకు భర్త ఒప్పుకోలు అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మధ్యవర్తిత్వం పేరుతో ఏళ్ళ తరబడి ఆడపిల్లను వేలాడదీసే పంచాయితీలు ఈ మాట వినాలి.

డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ, నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఉచిత న్యాయవాది హక్కుగా వస్తారు. 15100 నెంబరుకు ఫోను చేయండి. న్యాయవాది నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉన్నదని కేసు కట్ట బిగబట్టుకొనే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కేసుకు పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నెంబరు ఉంటుంది. అది అడిగి పుచ్చుకుంటే వాయిదా ఎప్పుడో మీ ఇంటి పిల్లవాడే సెల్‌ఫోనులో చూసి చెబుతాడు. ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలబడనక్కరలేదు.

చివరగా, ఆ నల్లకోటు మన పిల్లలు కూడా తొడుక్కోవాలి. సనదు కోసం వేలకు వేలు గుంజుతున్న బార్ కౌన్సిళ్ళను సుప్రీంకోర్టు 2024 జూలై 30న అడ్డుకున్నది. చట్టంలో రాసిన 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి నమోదు రుసుము వసూలు చేయరాదన్నది. గడప ఎత్తు తగ్గింది. దాటవలసింది మనం. గల్ఫ్ వీసాకు లక్షలు అప్పు చేసే ఇళ్ళలో ఒక్క బిడ్డనైనా, ముఖ్యంగా ఒక్క ఆడబిడ్డనైనా, లా కాలేజీకి పంపించండి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దల సామెత. మా అరుగు మీద కూర్చున్న ఆ బిడ్డ గెలిచినా, ఓడినా పద్నాలుగు నెలలకు ఏడవక తప్పదు. ఇప్పుడు ఆమె కేసు సరైన సెక్షన్ కింద నడుస్తున్నది. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన నాటి నుంచి వీలైనంతవరకు అరవై రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతున్నది. మేము ఆ రోజులు లెక్కపెడుతున్నాము. వాయిదా నాడు ఆమె వెంట నర్సీపట్నం బస్సు ఎక్కుతున్నాము. ఆమె తరువాత వచ్చే బిడ్డకు ఒక్క నెల కూడా పోకూడదు. బార్ కౌన్సిల్ వారూ, జమాఅత్ పెద్దలూ, ఈ లెక్కలో మీ ఇద్దరి సంతకాలూ కావాలి.